పాత బాకు కొనేముందు అతుకు చూడండి

కర్నూలు, అనంతపురం, కడప వైపు పాత ఇళ్లలో దేవుడి గూట్లోనో, అటక మీది ట్రంకుపెట్టెలోనో ఒక బాకు బయటపడటం పెద్ద వింతేమీ కాదు. విజయనగరం వాళ్లు, బీజాపూరు సుల్తానులు, మొగలులు, కర్నూలు కడప నవాబులు, గుత్తిలో మురారిరావు ఘోర్పడే, ఆ తర్వాత హైదరు, టిప్పు, నిజాం, 1800లో కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ). ఇన్ని దండులు ఈ నేల మీద నడిచాయి. ఒక్కో దండు ఒక్కో రకం బాకును నడికట్టులో దోపుకొని వచ్చింది. అందుకే ఇక్కడ దొరికే సరుకు కలగాపులగంగా ఉంటుంది. పిడి ఒక ఊరిది, అలుగు (కోసే ఇనుపభాగం) ఇంకో దేశానిది, ఒర నిన్నమొన్నటిది. కొనేవాడు తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ మూడూ ఎప్పుడు కలిశాయి? రెండొందల ఏళ్ల కిందట కలిసి ఉంటే దాన్ని చరిత్రగా లెక్కపెట్టాలి. పోయిన ఏడాది కలిసి ఉంటే అది అతుకులబొంత.

దానికి జవాబు మెరిసేచోట దొరకదు. బంగారు పూత, ఏనుగు బొమ్మ, పులిచారలు అన్నీ పక్కన పెట్టి, పిడీ అలుగూ కలిసే రెండంగుళాల మేర ముందు చూడండి. అబద్ధం చెప్పడం అక్కడే కష్టం.

వెంట తీసుకెళ్లాల్సినవి

కంసాలులు వాడే పదింతల భూతద్దం, డిజిటల్ వెర్నియర్, చిన్న అయస్కాంతం, టార్చి, దొంగనోట్లు పట్టే అతినీలలోహిత టార్చి, గ్రాముల్లో తూచే వంటింటి తక్కెడ, అడుగున్నర పొడవు సన్నటి వెదురుపుల్ల, ఉతికిన తెల్లగుడ్డ, ఒక గ్రాఫ్ కాగితం. ఇవన్నీ ఒక చేతిసంచిలో పడతాయి. అలుగు మీద ఉత్త వేళ్లు పెట్టకండి. చెమటలో ఉప్పు ఉంటుంది. ఈ రోజు పడిన వేలిముద్ర కొద్ది రోజుల్లో తుప్పుముద్రగా తేలుతుంది. నైట్రైల్ తొడుగులు మందులషాపులో దొరుకుతాయి.

ఏ రకమో గుర్తుపట్టడం

ఎక్కువగా ఎదురయ్యేది కటారు. పిడి చిన్న నిచ్చెనలా ఉంటుంది: రెండు పొడవాటి పక్కబద్దలు, మధ్యలో రెండు అడ్డమెట్లు. మెట్లను గుప్పిట్లో పట్టుకుంటే అలుగు పిడికిలికి ముందుకు, గుద్దు దెబ్బ దిశలో నిలుస్తుంది. ఉత్తరాదిన దీన్నే జమ్‌ధర్ అన్నారు. మిగతావాటిని త్వరగా చెప్పుకుందాం. చిలానుం దక్కనుది. పిడి మొత్తం ఇనుమే, అలుగు రెండు వంపులు తిరిగి ఉంటుంది. బిచువా పిడి చెవిపోగులా గుండ్రటి కడ్డీ, అలుగు తేలుకొండిలా వంకర. పేష్‌కబ్జ్ వెన్ను మందంగా ఉంటుంది, అడ్డకోత తీస్తే ఇంగ్లీషు T అక్షరంలా ఉంటుంది. జంబియా అరబ్బుల బాకు. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిలతో హైదరాబాదు వచ్చింది. కొడగువాళ్ల పిచ్చంగత్తి వెడల్పాటి ఒంటివాదర కత్తి, అంటే పదును అంచు ఒకవైపే ఉంటుంది. దాని ఒరకు వెండిగొలుసు, గొలుసుకు చెవిపుల్ల, పట్టకారు వేలాడుతుంటాయి. అనంతపురం జిల్లా కర్ణాటకను ఆనుకొని ఉంది కాబట్టి ఇది కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది.

ఇంకో విభజన దీనికంటే ముఖ్యం. బాకు యుద్ధానికి చేసిందా, దర్బారు దర్జాకు చేసిందా? కొలువులో నడికట్టులో దోపుకొనే బాకుకు అలుగు పల్చగా ఉన్నా, వాదర ఎప్పుడూ సాన చూడకపోయినా తప్పులేదు. దాని విలువ పిడి పనితనంలో, ఒరలో, వెండి తొడుగులో ఉంటుంది. యుద్ధపు బాకుకు నగిషీ లేకపోయినా ఫరవాలేదు, అలుగు చెప్పాలి. దర్బారు బాకును యుద్ధపు బాకులా బేరీజు వేస్తే అన్యాయం జరుగుతుంది. అటుదిటు చేస్తే జేబుకు చిల్లు పడుతుంది.

కటారును చేతిలోకి తీసుకున్నాక

ముందు తూకం, కొలత. మామూలు కటారు మొత్తం పొడవు 35 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. దక్షిణాదివి ఇంకా పొడవు. అలుగు మందాన్ని మొదటినుంచి మొనదాకా ప్రతి 3 సెంటీమీటర్లకోసారి వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాయండి. కమ్మరి కొట్టిన అలుగు ఎక్కడా ఒకే మందం ఉండదు. మొదట్లో 6 మిల్లీమీటర్లు ఉంటే మధ్యలో 4కు తగ్గి, మొన దగ్గర మళ్లీ ఉబ్బుతుంది. గొలుసుకవచంలోని వలయాలను చీల్చుకుపోవడానికి మొనను కావాలనే అలా బలిపించేవాళ్లు. మొదటినుంచి చివరిదాకా 3, 3, 3 అని వస్తే అది ఫ్యాక్టరీ రేకును కోసి సాన పట్టింది. ఇంక మిగతా పరీక్షలతో పనిలేదు, మర్యాదగా తిరిగి ఇచ్చేయండి.

తర్వాత అతుకు. ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి విడిగా చెప్పాలి. ఉత్తరాది కటారులో అలుగు, పిడి కలిపి కొట్టినట్టో, రాగి పోసి అతికినట్టో ఏకంగా ఉంటాయి. దక్షిణాది కటారులో, ముఖ్యంగా విజయనగరం, తంజావూరు సంప్రదాయంలోవాటిలో, పిడి నుంచి నాలుకల్లాంటి పట్టీలు ముందుకు వచ్చి అలుగును రెండువైపులా పట్టుకుంటాయి. వాటిని రివిట్లతో బిగిస్తారు. చేతిని కాపాడటానికి పైన పాముపడగలాంటి ఇనుపరేకు వంగి ఉంటుంది. ఆ పడగ అంచున యాళి (గుళ్ల స్తంభాల మీది సింహంలాంటి జంతువు) తలో, పువ్వో ఉండొచ్చు. ఉత్తరాది కొలమానంతో చూసేవాడు ఈ రివిట్లు చూసి ‘విరిగితే అతికించారు’ అని తీసిపారేస్తాడు. అమ్మేవాడికీ ఆ సంగతి తెలియకపోతే మీకు అదృష్టం.

అలుగు ఎందుకు విడిగా బిగించారు? అది తరచుగా సముద్రం దాటి వచ్చింది కాబట్టి. పోర్చుగీసులతో, ఇతర వర్తకులతో ఐరోపా కత్తుల అలుగులు దక్షిణ రేవులకు పెద్ద ఎత్తున దిగేవి. వాటిని ఫిరంగి (అంటే పరంగివాళ్ల) అలుగులనేవారు. పొడవాటి కత్తి విరిగినా, కావాలని కోసినా, ఆ ముక్క కటారుకు సరిపోయేది. దీన్ని పట్టే గుర్తు గాడుల్లో ఉంది. టార్చిని పక్కవాటుగా పట్టి, అలుగు మధ్యలో ఉన్న సన్నటి గాడులు ఎటు పోతున్నాయో చూడండి. కటారు కోసమే కొట్టిన అలుగులో గాడులు వాదరల వెంటే నడిచి, మొన వైపు దగ్గరవుతూ పోతాయి. కత్తి నుంచి కోసిన ముక్కలో గాడులు రైలుపట్టాల్లా సమాంతరంగా వెళ్లి, మొన దగ్గర అర్ధాంతరంగా తెగిపోతాయి, లేదా పట్టీ కిందికి దూరి మాయమవుతాయి. ఇది లోపం కాదు. పదహారు, పదిహేడు శతాబ్దాల దక్షిణాది కటారుకు దాదాపు పుట్టుమచ్చ లాంటిది. అలుగు మీద కొడవలి ఆకారంలో పళ్లున్న ముద్రలో, లాటిన్ అక్షరాలో కనిపించినా అలుగు ఐరోపాదేనని ముడి వేసేయకండి. మన కమ్మరులు ఆ ముద్రలను చక్కగా అనుకరించారు. పేరున్న సరుకుకు నకలు తీయడం ఇవాళ్టి విద్యేమీ కాదు.

ఇప్పుడు ఆ రివిట్లనే భూతద్దం కింద పెట్టండి. చేతిసుత్తితో కొట్టిన రివిట్ తల కొద్దిగా అష్టావక్రంగా ఉంటుంది. దాని అంచుకీ పట్టీకీ మధ్య సందులో నల్లటి గట్టి తుప్పు, పాత నూనె, మురికి కలిసి పెచ్చు కట్టి ఉంటాయి. తల చుట్టూ సన్నటి మెరుపువలయం కనిపిస్తే ఈమధ్యనే విప్పి బిగించారు. తలలన్నీ ఒకేలా గుండ్రంగా, నున్నగా ఉంటే మార్కెట్ రివిట్లు. పట్టీకి, అలుగుకు తుప్పు రంగు ఒకటేనా? పట్టీ అంచు దాటగానే అలుగు రంగు మారిపోతే రెండూ వేర్వేరు ఇళ్లలో ముసలివయ్యాయన్నమాట.

పిడిలో పక్కబద్దలు, మెట్లు కలిసే మూలలు చూడండి. పాత పనిలో ఆ మూలల్లో ఎర్రటి రాగిగీతో పసుపురంగు ఇత్తడిగీతో కనిపించడం సహజం. అప్పటి అతుకు అదే. చీమలబారులా చిన్నచిన్న పొరలుగా పేరుకున్న ఉబ్బు ఉంటే అది కరెంటు వెల్డింగు. దాన్ని గ్రైండరుతో అరగదీసి నల్లరంగు పూసినా, మూలలోతుల్లో ఒకటి రెండు చుక్కలు మిగిలిపోతాయి. ఇత్తడి పిడి అయితే రెండు పక్కలా నిలువునా సన్నటి గీత ఉందేమో వెతకండి. అది అచ్చు అతుకు. లోపలివైపు గుంటలు గుంటలుగా ఉంటే పోతపోసి శుభ్రం చేయకుండా వదిలేసిన సరుకు.

ఒక చిన్న మాట. మెట్లు నొక్కితే అలుగు కత్తెరలా విచ్చుకొని లోపల ఇంకో బాకు కనిపించే కటారులు ఉన్నాయి. పిల్లలకు భలే నచ్చుతాయి. అవి చాలావరకు పందొమ్మిదో శతాబ్దంలోనూ, ఆ తర్వాతా చూపు కోసం చేసినవి. కొనండి, కానీ పాళెగాడి ఆయుధం అన్న కథతో పాటు కొనకండి.

తుప్పు చెప్పే నిజం

నకలు చేసేవాళ్లు తుప్పును వారంలో పుట్టిస్తారు. ఆమ్లం పూస్తారు, ఉప్పునీళ్లు చల్లుతారు, పేడలో పూడ్చిపెడతారు. ఆ తుప్పుకు రెండు లక్షణాలు. ఒకటి, ఒంటి నిండా సమానంగా ఉంటుంది. రెండు, రంగు నారింజ. నిజమైన పాత బాకు అలా ముసలిదవదు. ఒర మూతి దగ్గర తేమ చేరి గుంటలు లోతుగా పడతాయి. ఒర అడుగున నీళ్లు దిగితే మొన తింటుంది. చెయ్యి పట్టుకునే మెట్లు మాత్రం నున్నగా అరిగి, నల్లగోధుమ రంగులో మెరుస్తాయి. పట్టుకునేచోట గరుకు, పట్టుకోనిచోట నునుపు ఉంటే కథ తలకిందులైనట్టే.

తెల్లగుడ్డతో గట్టిగా ఒకసారి రుద్దండి. గుడ్డకు ఎర్రటి పొడి అంటితే తుప్పు ఇంకా తింటూనే ఉంది, ఆపాలి. నల్లగా, గట్టిగా ఉండి ఏమీ అంటకపోతే అది కుదురుకున్న పొర. దాన్ని గీకితే వయసుకు ఉన్న సాక్ష్యం గీకినట్టే.

బంగారు పూత, నీటిచారలు

ఇనుము మీద బంగారు, వెండి తీగలతో చేసే పనిని కోఫ్త్‌గరీ అంటారు. ముందు ఇనుమును సన్నటి ఉలితో అడ్డదిడ్డంగా గీతలు గీసి గరుకు చేస్తారు. దాని మీద జుట్టంత తీగను పరిచి కొడతారు. ఆ గరుకు పళ్లు తీగను పట్టుకుంటాయి. కాబట్టి బంగారం అరిగినచోట భూతద్దం పెడితే కింద జల్లెడలాంటి గీతలు కనిపించాలి. అరిగినచోట నున్నటి ఇనుము కనిపిస్తే అది పూతో, రంగో. ఈ పని ఉదయ్‌పూర్‌లో ఇప్పటికీ చేస్తున్నారు. ఆ కొత్త పని కూడా చక్కటిదే, కొత్తదని చెప్పి అమ్మితే. కొత్తదానిలో తీగలు ఎక్కడా అరిగి ఉండవు, ఎత్తుమీద కూడా గుంటలో ఉన్నంత నిండుగా ఉంటాయి.

అలుగులో నీటిచారల సంగతి ఇంకా సున్నితం. మన ‘ఉక్కు’ అన్న మాటే ఐరోపా భాషల్లో వూట్జ్ అయిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కుతో చేసిన అలుగులో చెరువు మీద పిల్లగాలికి లేచే అలల్లాంటి సన్నటి, తెగితెగిన చారలు ఉంటాయి. ఇప్పుడు డమాస్కస్ పేరుతో దొరికే కొత్త అలుగుల్లో రెండు రకాల ఉక్కు పలకల్ని పొరలుగా కలిపి కొడతారు. ఆ చారలు వెడల్పుగా, తెలుపు నలుపు కొట్టొచ్చినట్టు ఉంటాయి. వెన్ను మీద చూస్తే పరోటా పొరల్లా గీతలు కనబడతాయి. రసాయనంతో పైపైన ముద్రించిన చారలైతే వెన్ను దగ్గర ఆగిపోతాయి.

పాత అలుగు నల్లబడి చారలు కనిపించకపోతే, అది మీ సొంతమయ్యాకే ఒక పరీక్ష చేయొచ్చు. పిడికి దగ్గరలో, నగిషీ లేనిచోట, చిటికెనవేలి గోరంత మేర ఎసిటోన్‌తో జిడ్డు తీయండి. సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లు వాడే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాన్ని ఒక పాలుకు పది పాళ్ల నీళ్లు కలిపి, దూదిపుల్లతో 15 సెకన్లు అద్దండి. వెంటనే వంటసోడా నీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, నూనె రాయండి. చారలుంటే ఈపాటికి తేలతాయి. తేలలేదని ఇంకో నిమిషం ఉంచితే అక్కడ శాశ్వతంగా బూడిదరంగు మచ్చ మిగులుతుంది. కోఫ్త్‌గరీ ఉన్నవైపు ఈ పని అసలు వద్దు.

పిడిలో లక్క, ఒరలో ఖాళీ

ఖంజరు (వంపు అలుగున్న బాకు) లాంటివాటిలో అలుగు తోకను పిడి రంధ్రంలో దూర్చి లక్కతో నింపేవారు. సందులో అతినీలలోహిత టార్చి వేయండి. పాత లక్క నారింజ రంగులో మెరుస్తుంది. ఇప్పటి రెండు ట్యూబుల జిగురు పాలిపోయిన నీలితెలుపులో మెరుస్తుంది. జిగురు కనిపించినంత మాత్రాన దొంగసరుకు కాదు, పిడి ఊడితే ఇంట్లోవాళ్లే అతికించి ఉండొచ్చు. కానీ ఆ పిడి ఆ అలుగుదేనా అన్న ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది.

పిడి దంతమని చెబితే భూతద్దం కింద అడ్డకోత చూడండి. ఏనుగుదంతంలో ఒకదాన్నొకటి కోసుకునే వంపుగీతలు వలలా ఉంటాయి. ఎముకలో సన్నటి నల్లచుక్కలు, చిన్నచిన్న గాట్లు ఉంటాయి. ప్లాస్టిక్‌లో రెండూ ఉండవు. దంతమే అని తేలితే సంతోషించకండి, అక్కడే ఆగండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఏనుగుదంతం కొనడం, అమ్మడం నిషేధం. ఎంత పాతదన్నది అక్కరకు రాదు.

ఒర పరీక్ష చాలామంది వదిలేస్తారు. వెదురుపుల్లను ఒరలోకి మెల్లగా దించి లోతు కొలవండి. అలుగు పొడవుకూ దీనికీ తేడా ఒక సెంటీమీటరు లోపు ఉండాలి. నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ మిగిలితే ఒర ఇంకో బాకుది. ఒర లోపల రెండు పల్చటి కొయ్యబద్దలు, పైన తోలో మఖమలో, వెనకవైపు చేతికుట్టు ఉండాలి. మఖమలు అంచున వదులైన ఒక్క పోగు తీసి నిప్పుకు చూపించండి. నూలు, పట్టు బూడిద అవుతాయి. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. మఖమలు మార్చడం పాతకాలంలోనూ ఉన్నదే, కాబట్టి కొత్త గుడ్డ ఉన్నంత మాత్రాన పెద్దగా తగ్గించనక్కర్లేదు. కొయ్య కూడా కొత్తదైతే తగ్గించాలి.

రాతలు, ముద్రలు, కథలు

హిజ్రీ సంవత్సరం చెక్కి ఉంటే దాన్ని 33తో భాగించి, వచ్చినదాన్ని అందులోంచే తీసేసి, 622 కలపండి. 1255 అని ఉంటే: 33తో భాగిస్తే 38, 1255లోంచి తీసేస్తే 1217, దానికి 622 కలిపితే 1839. శక సంవత్సరమైతే 78 కలిపితే చాలు. సరిగ్గా ఆ 1839లోనే కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో భారీగా ఆయుధాలు దాచాడని కుంపిణీ ఆయన్ని దించేసింది. కాబట్టి ఆ అంకె, ఆ నవాబు పేరు కలిపి ఎవరైనా కథ చెబితే, చెక్కిన గీతల అడుగు చూడండి. పాత చెక్కడం అడుగున కూడా చుట్టూ ఉన్న రంగే ఉంటుంది. కొత్త చెక్కడం అడుగున లోహం మెరుస్తుంది, లేదా మైనమూ మసీ కలిపి పూసిన నలుపు ఎసిటోన్‌కు ఊడివస్తుంది.

ఆదోని పేరుకు ఆయుధాల సేకరణలో ప్రత్యేక స్థానం ఉంది. పదిహేడో శతాబ్దం చివర్లో బీజాపూరు సర్దారు సిద్దీ మసూద్ చేతిలోంచి ఆదోని మొగలుల చేతికి వచ్చింది. మొగలుల కొలువులో ఉన్న బికనీరు రాజు అనూప్ సింగ్ ఆదోనిలో అధికారిగా ఉండి, 1698లో ఇక్కడే చనిపోయాడు. ఇక్కడి ఆయుధాలు చాలా బికనీరు కోటకు చేరాయి. వాటి మీద సూదితో పొడిచినట్టు చుక్కలు చుక్కలుగా దేవనాగరి అక్షరాలు, జాబితా అంకెలు ఉంటాయి. అందుకే ‘ఇది ఆదోని కటారు’ అన్న మాటకు బరువుంది. మాటకే ఉంది సుమా. చుక్కల అక్షరాలు లేని బాకుకు ఆ పేరు పెట్టి ధర కట్టక్కర్లేదు. టిప్పు పులిచారల సంగతీ అంతే. ప్రపంచంలో ఎక్కువగా నకలు చేసిన గుర్తుల్లో అదొకటి.

కళ్లకు అలవాటు కావాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది, చెన్నై ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలో తంజావూరు ఆయుధాలు ఒక్కో పూట చూడండి. పిడిని కాకుండా అతుకునే చూడండి. మన ఊళ్ల పొలిమేరల్లో ఉన్న వీరగల్లులు కూడా పనికొస్తాయి. నడుముకు బాకు ఎక్కడ, ఎటు వంపుగా దోపుకున్నారో వాటి మీద కనిపిస్తుంది.

సైన్యపు సరుకు

మాజీ సైనికుల ఇళ్లలో దొరికే బాయినెట్లు, కుక్రీల లెక్క వేరు. వీటికి ముద్రలే జాతకం. లీ ఎన్‌ఫీల్డ్ తుపాకీ బాయినెట్ మీద కిరీటం కింద 1907 అని ఉంటే అది తయారైన ఏడాది కాదు, నమూనా వచ్చిన ఏడాది. తయారైన నెల, ఏడాది దాని కింద చిన్న అంకెల్లో ఉంటాయి. ఆర్.ఎఫ్.ఐ. అని ఉంటే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది. ఈ నమూనా అలుగు 17 అంగుళాలు. 12 అంగుళాలే ఉంటే విరిగిందనుకోకండి, భారత సైన్యం కోసం అలా పొట్టిగా చేసిన రకాలున్నాయి. మొన ఆకారం, ముద్రలు చూసి తేల్చుకోవాలి. 1933–45 నాటి జర్మను దర్జా బాకులు మాత్రం కొత్తవాళ్లు ముట్టుకోకపోవడమే మేలు. అసలువాటికంటే నకళ్లే ఎక్కువ తిరుగుతుంటాయి.

చట్టం

మన జిల్లాల్లో కత్తి అన్న మాట వినగానే పోలీసు స్టేషన్లో అందరూ ఒకసారి తలెత్తి చూస్తారు, తెలిసిందే. కాబట్టి కాగితాలు ముందే సరిచూసుకోండి. 2016 ఆయుధ నియమాల్లో ఐదో వర్గం కింద 9 అంగుళాలు మించిన పొడవు, లేదా 2 అంగుళాలు మించిన వెడల్పు ఉన్న అలుగులు వస్తాయి. కటారు అలుగు మొదట్లో 2 అంగుళాలు దాటడం మామూలే, కొలవండి. వీటి తయారీకి, అమ్మకానికి లైసెన్సు కావాలి. ఇంట్లో ఉంచుకోవడానికి కావాలా అన్నది, ఆ ప్రాంతానికి ఆయుధ చట్టం 4వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కలెక్టరేటులో రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోండి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లేటప్పుడు తాళం వేసిన పెట్టెలో, బిల్లుతో పాటు. ఎన్నికలప్పుడు అసలు కదపకండి.

వందేళ్లు దాటినది 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉన్న అబ్బాయికి సూట్‌కేసులో పెట్టి పంపడం కూడా ఇందులోకే వస్తుంది. పురావస్తువుల వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి, అడిగి చూడండి. మట్టిలో దొరికిందని చెబితే కొనకండి. 1878 నిధుల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. గండికోటలోనో, గుత్తికోటలోనో తవ్వితే దొరికిందంటే అది ఇంకా పెద్ద కేసు.

ఇంటివాళ్ల దగ్గర కొంటే తెల్లకాగితం మీద వివరంగా రాయించుకోండి: ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఎక్కడ ఉండేది, కొలతలు, తూకం, సంతకం. గ్రాఫ్ కాగితం మీద బాకు ఆకారం గీసి దానికి జతచేయండి. ఫొటో కంటే ఆ గీత మీద కొలతలు నమ్మకంగా ఉంటాయి.

ఇంటికి తెచ్చాక

చింతపండు, నిమ్మకాయ, ఇటుకపొడి, పళ్లపొడి ఏదీ వద్దు. ఇత్తడి బిందెకు పనికొచ్చింది బాకుకు పనికిరాదు. వర్క్‌షాపులో బఫింగ్ చేయించడం అన్నిటికంటే ఘోరం. గాడుల అంచులు కరిగిపోతాయి, కోఫ్త్‌గరీ లేచిపోతుంది, ధర సగానికి పైగా పడిపోతుంది, మళ్లీ తిరిగిరాదు. ఎర్రతుప్పు ఉన్నచోట మాత్రమే కిరోసిన్‌లో తడిపిన గుడ్డ ఒక రోజు కప్పి ఉంచి, నాలుగు సున్నాల నెంబరు స్టీల్‌ఊల్‌కు కుట్టుమిషను నూనె అద్ది, అలుగు పొడవునా ఒకే దిశలో మెల్లగా రుద్దండి. గుడ్డకు ఎరుపు అంటడం ఆగగానే చెయ్యి ఆపండి. నలుపు దాకా వెళ్లకూడదు. చివర్లో కుట్టుమిషను నూనె పల్చగా. నువ్వులనూనె కొన్ని నెలల్లో బంకలా గట్టిపడి దుమ్ము పట్టిస్తుంది.

అలుగును తోలు ఒరలో ఉంచి దాచకండి. తోలులోని ఆమ్లం, తేమ కలిసి తింటాయి. రెంటినీ విడివిడిగా చుట్టాలి. కోరాగుడ్డ అయితే గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి వాడండి. వార్తాపత్రిక వద్దు. బీరువా అరలో 250 గ్రాముల సిలికాజెల్ సంచి పెట్టి, రంగు మారినప్పుడు 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెట్టండి. అనంతపురం ఎండ తుప్పుకు మంచిదే గానీ కొయ్యకు శత్రువు. మే నెలలో రేకుల గదిలో పెడితే ఒర బద్దలు నిలువునా విచ్చుకుంటాయి. వానాకాలం మొదట్లో ఒకసారి, దసరా తర్వాత ఒకసారి గుడ్డ విప్పి చూస్తే చాలు.

దసరా తర్వాత ఎందుకంటే, ఆయుధపూజలో బాకుకు పసుపు కుంకుమ పెట్టి, మొనకు నిమ్మకాయ గుచ్చుతారు. పాత బాకుల మొనకు రెండంగుళాల ఇవతల చుట్టూ బూడిదరంగు పట్టీ కనిపిస్తే అది చాలావరకు ఆ రసం తిన్న గుర్తే. గాడుల్లో గట్టిపడిన కుంకుమ ఉంటే దాన్ని గీకకండి. ఆ బాకు ఒక ఇంట్లో ఎన్నాళ్లో పూజలు అందుకుందని చెప్పే కాగితం అది. ఇక మీదట మాత్రం బొట్టు ఒర మీదో, పక్కన పరిచిన తమలపాకు మీదో పెట్టి, నిమ్మకాయను పళ్లెంలో ఉంచండి.